నికోటిన్ లేదు సరే, మరి అందులో ఉన్నదేమిటి?

ప్రశ్న: మాది రణస్థలం దగ్గర పల్లెటూరు. మా ఆయనకు 31 ఏళ్లు. పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో షిఫ్ట్ డ్యూటీ. పెళ్లికి ముందు నుంచీ రోజుకు పది సిగరెట్ల దాకా కాల్చేవారు. మొన్న సంక్రాంతికి దుబాయ్ నుంచి వచ్చిన మా ఆడపడుచు భర్త ఆయనకు ఒక వేప్ (ఈ-సిగరెట్) ఇచ్చారు. దాని మీద ‘జీరో నికోటిన్’ అని రాసి ఉంది. అప్పటి నుంచి సిగరెట్లు తగ్గాయి గానీ నైట్ షిఫ్ట్‌లో రెండో మూడో కాలుస్తూనే ఉన్నారు. ఇంట్లో ఊరికే చిరాకు పడుతున్నారు. ఏమన్నా అంటే ‘జలుబు చేస్తే ఆవిరి పట్టమా, ఇదీ అంతే’ అంటారు. మా మరిదికి 19 ఏళ్లు, శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతున్నాడు. సిగరెట్ ఎప్పుడూ ముట్టలేదు. మామిడిపండు వాసన బాగుందని అన్నయ్యది లాగి లాగి, ఇప్పుడు తనకూ ఒకటి తెప్పించుకున్నాడు. మా అత్తగారు అడ్డపొగ తాగుతారు, అంటే చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. ‘నలభై ఏళ్లగా నిప్పు నోట్లో ఎట్టుకున్నాను, నాకేటయింది? ఒట్టి ఆవిరికి ఆడికేటవుద్ది?’ అని కొడుకుల్నే వెనకేసుకొస్తారు. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. నికోటిన్ లేకపోతే ప్రమాదం లేనట్టేనా? సిగరెట్ మానడానికి ఇది పనికొస్తుందా? నేను అనవసరంగా టెన్షన్ పడుతున్నానా?
– ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: చెల్లెమ్మా, మీ టెన్షన్ అనవసరం కాదు. అయితే ప్రమాదం ఉందనో లేదనో ఒక్క మాటలో చెబితే మీ ఇంట్లో ఎవరికీ న్యాయం జరగదు. మీ ఆయన సిగరెట్ మానాలని వేప్ పట్టుకున్నారు. మీ మరిది ఏ అవసరమూ లేకుండా పట్టుకున్నాడు. వస్తువు ఒకటే అయినా ఇద్దరికీ ఇచ్చే సలహా ఒకటి కాదు. ముందు ఆ వస్తువు సంగతి చూద్దాం.

అందులో ఒక చిన్న బ్యాటరీ, సన్నని లోహపు తీగ చుట్ట, దాన్ని అంటుకుని దూది ఉంటాయి. దూదిని ఒక ద్రవం తడుపుతుంటుంది. నోట్లో పెట్టుకుని లాగగానే తీగ వేడెక్కుతుంది. ఆ వేడి 200 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. దూదికి పట్టిన ద్రవం ఆ వేడికి సన్నని బిందువులుగా మారి గొంతులోకి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల లోపలి దాకా వెళుతుంది. ఆ ద్రవంలో ప్రధానంగా ఉండేవి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, వాటిలో కలిపిన వాసన రసాయనాలు. నికోటిన్ ఉన్న రకంలో దానికి తోడు, పొగాకులో అలవాటు పట్టించే పదార్థమైన నికోటిన్ కలుపుతారు. లేని రకంలో అదొక్కటే కలపరు. మిగతాదంతా ఒకటే.

జలుబుకు పసుపు వేసి మరిగించిన నీళ్ల ఆవిరి పట్టినప్పుడు లోపలికి వెళ్లేది నీరు. దుప్పటి కప్పుకుని పది నిమిషాలు పడతాం, జలుబు తగ్గగానే ఆపేస్తాం. వేప్‌లో వచ్చేది నీటి ఆవిరి కాదు. పైగా దాన్ని రోజంతా లాగుతూనే ఉంటారు. మందుల కంపెనీలో పనిచేసే మనిషికి ఈ తేడా చెబితే అర్థం కాకపోదు.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు. గ్లిజరిన్ దగ్గు మందుల్లో ఉంటుంది, ఆ ఫ్లేవర్లు ఐస్‌క్రీముల్లో వేసేవే, తిన్నా ఏమీ కానిది పీలిస్తే ఏమవుతుంది అని. అసలు పొరపాటు అక్కడే ఉంది. తిన్నది కడుపులో అరిగి, కాలేయం గుండా వెళ్లి, అప్పుడు రక్తంలో కలుస్తుంది. పీల్చింది నేరుగా ఊపిరితిత్తుల పల్చని పొరల మీద పడుతుంది. ఒక ఫ్లేవర్ ఆహారంలో వాడొచ్చు అని అనుమతి ఇచ్చారంటే అది తినడానికి మాత్రమే. డయాసిటైల్ అనే పదార్థం వెన్న వాసననిస్తుంది. తింటే ఏమీ కాదు. కానీ అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో పాప్‌కార్న్ ఫ్యాక్టరీ కార్మికులు దాన్ని రోజూ పీల్చి, ఊపిరితిత్తుల సన్నని గొట్టాలు శాశ్వతంగా పూడుకుపోయే జబ్బు పాలయ్యారు. 2000 ప్రాంతంలో అది బయటపడింది. తర్వాత కొన్ని వేప్ ద్రవాల్లోనూ ఇదే డయాసిటైల్ కనిపించింది. బ్రిటన్‌లో 2016 నుంచి వేప్ ద్రవాల్లో దాన్ని నిషేధించారు. ఇక్కడ మీ మరిది తెప్పించుకున్న దానిలో ఏముందో చూసే నాథుడు లేడు.

వేడి వల్ల వచ్చే చిక్కు ఇంకొకటి. గ్లైకాల్, గ్లిజరిన్ బాగా వేడెక్కితే విడిపోయి ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ లాంటి విష రసాయనాలు పుడతాయి. ద్రవం అయిపోవచ్చినప్పుడు దూది మాడి గొంతు పట్టేసే కమురు రుచి వస్తుందే, అప్పుడు ఇవి మరీ ఎక్కువ. తీగ నుంచి నికెల్, క్రోమియం వంటి లోహాలు కూడా కొద్దికొద్దిగా ఆ పొగలో కలుస్తాయి. ఇవేవీ నికోటిన్ ఉంటేనే వచ్చేవి కావు. 2019లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు సిగరెట్ అలవాటు లేని 31 మంది ఆరోగ్యవంతుల చేత నికోటిన్ లేని వేప్‌నే లాగించి, ముందూ వెనకా వాళ్ల రక్తనాళాలను ఎంఆర్ఐలో చూశారు. ఒక్కసారి వాడకానికే తొడలోని ప్రధాన ధమని వ్యాకోచించే శక్తి సగటున 34 శాతం తగ్గింది. అది కాసేపటికి సర్దుకునే మార్పే. కానీ రోజుకు పదిసార్లు, ఏళ్ల తరబడి అదే జరిగితే రక్తనాళాలు ఎంతకని సర్దుకుంటాయి?

ఇంత చెప్పాక రెండో వైపు కూడా చెప్పాలి. లేకపోతే మీరు మీ ఆయన చేతిలోంచి వేప్ లాక్కుంటారు, ఆయన బడ్డీకొట్టుకు వెళ్లి సిగరెట్ ప్యాకెట్ కొంటారు. సిగరెట్‌లో పొగాకు కాలుతుంది. ఆ కాలడంలోంచే తారు, కార్బన్ మోనాక్సైడ్, కేన్సర్ తెచ్చే డజన్ల కొద్దీ రసాయనాలు వస్తాయి. వేప్‌లో ఏదీ కాలదు కాబట్టి వీటిలో చాలా భాగం ఉండవు, ఉన్నా బాగా తక్కువ. ఒక్కో సిగరెట్‌తో పోలిస్తే వేప్ హాని తక్కువే. ఈ మాట దాచి భయపెడితే ఆయన మీ మాట దేన్నీ నమ్మరు.

అలాగే వాట్సాప్‌లో ‘వేప్ వల్ల అమెరికాలో వందల మంది చచ్చిపోయారు’ అని తిరిగే మెసేజ్‌లు ఆయనకు పంపకండి. 2019లో అక్కడ 2,800 మందికి పైగా ఊపిరితిత్తులు దెబ్బతిని ఆస్పత్రుల పాలయ్యారు. 2020 ఫిబ్రవరి నాటికి 68 మంది చనిపోయారు. అది నిజం. కానీ అందులో ఎక్కువ మంది లాగింది గంజాయి మత్తు పదార్థం కలిపిన దొంగ సరుకు. దానిలో చిక్కదనం కోసం కలిపిన విటమిన్ ఇ అసిటేట్ ప్రధాన కారణమని తేలింది. ఒంటికి రాసుకునే క్రీముల్లో ఉండే పదార్థమే, ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ప్రాణం తీసింది. ఆ కథలోంచి మనకు కావలసింది ఆ ఒక్క ముక్కే.

ఇక ‘జీరో నికోటిన్’ అన్న అచ్చు సంగతి. 2009లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కొన్ని ఈ-సిగరెట్లను పరీక్షిస్తే, నికోటిన్ లేదని రాసి ఉన్న వాటిలోనూ నికోటిన్ బయటపడింది. మన దేశంలో అయితే ఈ సరుకుకు లెక్కాపత్రమే లేదు. 2019లో కేంద్రం తెచ్చిన ఈ-సిగరెట్ల నిషేధ చట్టం, నికోటిన్ ఉన్నా లేకున్నా, వేడి చేసి పీల్చే ఇలాంటి పరికరాలన్నిటినీ నిషేధించింది. తయారీ, దిగుమతి, అమ్మకం, పంపిణీ, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నిల్వ ఉంచినా ఆరు నెలల దాకా జైలు, 50,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ‘నికోటిన్ లేదు కాబట్టి చట్టం వర్తించదు’ అని అమ్మేవాడు చెప్పేది పచ్చి అబద్ధం. మీ మరిది స్నేహితుల కోసమని నాలుగు తెప్పించి పంచాడంటే కేసు మెడకు చుట్టుకుంటుంది, చదువు పాడవుతుంది. చాటుగా వచ్చే సరుకు కాబట్టి డబ్బా మీద రాసిందానికీ లోపల ఉన్నదానికీ ఎవరూ పూచీ పడరు.

మీ ఆయన విషయానికి వద్దాం. నాకు ఆయన మీద కోపం రావడం లేదు. పది సిగరెట్లను రెండు మూడుకు దించిన మనిషి. మానాలన్న కోరిక గట్టిగానే ఉంది, పట్టుకున్న సాధనమే సరిపోలేదు. ఆయన శరీరం ఇన్నేళ్లుగా నికోటిన్‌కు అలవాటు పడింది. సిగరెట్ పొగ లాగిన కొద్ది క్షణాల్లోనే నికోటిన్ మెదడుకు చేరుతుంది. రెండు గంటల్లో రక్తంలో దాని పరిమాణం సగానికి పడిపోతుంది, అప్పుడు శరీరం మళ్లీ అడుగుతుంది. జీరో నికోటిన్ వేప్ ఆ ఆకలికి ఏమీ పెట్టదు. చేతికీ నోటికీ పని చెబుతుంది, అంతే. కాబట్టి ఆయన ఒక రకంగా ఒక్కసారిగా నికోటిన్ తగ్గించేసుకున్నట్టే. ఆ చిరాకు, నైట్ షిఫ్ట్‌లో ఆగలేక కాల్చే ఆ రెండు మూడు, అన్నీ అందులోంచి వచ్చినవే. మీ మీద కోపంతో వచ్చినవి కావు. సిగరెట్ మాన్పించడంలో నికోటిన్ లేని వేప్ కంటే నికోటిన్ ఉన్నవే ఎక్కువ మందికి పనికొచ్చాయని విదేశాల్లో జరిగిన పరిశోధనలను కలిపి చూసిన కోక్రన్ సమీక్షలు చెబుతున్నాయి. ఈ వస్తువు చరిత్ర కూడా అదే చెబుతుంది. 1963లో హెర్బర్ట్ గిల్బర్ట్ అనే అమెరికన్ పేటెంట్‌కు దరఖాస్తు చేసిన పొగలేని సిగరెట్‌లో పొగాకూ లేదు, నికోటినూ లేదు. అది మార్కెట్‌లోకే రాలేదు. నలభై ఏళ్ల తర్వాత, 2003లో, చైనా ఫార్మసిస్టు హాన్ లిక్ నికోటిన్‌తో చేసినదే ప్రపంచమంతా పాకింది.

అలాగని నికోటిన్ ఉన్న వేప్ తెచ్చుకోమని నేను చెప్పను. ఇక్కడ అది నిషిద్ధం, దొరికేది దొంగ సరుకు. పైగా వేప్‌తో సిగరెట్ మానినవాళ్లలో చాలామంది వేప్‌ను వదల్లేకపోయారు. ఆయనకు కావలసిన నికోటిన్ పొగా ఆవిరీ లేకుండా మందుల షాపులో దొరుకుతుంది. నికోటిన్ గమ్, ప్యాచ్ (చర్మానికి అంటించుకునేది) అని అడగాలి. మోతాదు మాత్రం డాక్టర్‌ను అడిగి తీసుకోండి. పొద్దున్న లేచిన అరగంటలోపే సిగరెట్ వెలిగించే అలవాటు ఉంటే ఆ మాట తప్పకుండా చెప్పాలి, దాన్ని బట్టి మోతాదు మారుతుంది.

గమ్ విషయంలో మనవాళ్లు చేసే తప్పు, దాన్ని చూయింగ్ గమ్‌లా నమిలేయడం. అలా నమిలితే నికోటిన్ లాలాజలంతో కడుపులోకి పోయి వెక్కిళ్లు, వికారం వస్తాయి. ‘ఇది నాకు పడలేదు’ అని పారేస్తారు. నెమ్మదిగా నాలుగైదు సార్లు నమిలి, నాలుక చురుక్కుమనగానే బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. ఆ చురుకు తగ్గాక మళ్లీ నమిలి, ఈసారి ఇంకోవైపు పెట్టుకోవాలి. అలా అరగంట. గమ్ వేసుకునే పావుగంట ముందు నుంచీ టీ, కాఫీ, కూల్‌డ్రింక్ తాగకూడదు, తాగితే నికోటిన్ సరిగ్గా ఎక్కదు. నైట్ షిఫ్ట్‌లో టీ ముందా గమ్ ముందా అన్నది ఆయన ముందే నిర్ణయించుకుని ఉండాలి.

ఇంకో మాట ఆయనకు గట్టిగా చెప్పండి. తేలిగ్గా అంటుకునే సాల్వెంట్లు (ద్రావకాలు) వాడే ప్లాంట్‌లోకి బ్యాటరీతో వేడెక్కే తీగ ఉన్న పరికరాన్ని జేబులో వేసుకుని వెళ్లడం అంటే నిప్పు పట్టుకుని వెళ్లడమే. ఆయన ఒక్కడి ప్రాణం కాదు, ఆ షిఫ్ట్‌లో ఉన్న అందరి ప్రాణం. గేటు దగ్గర సిగరెట్, లైటర్ తీసి పెట్టే మనిషి వేప్‌ను మరచిపోతారు.

సిగరెట్ ప్యాకెట్ మీదే 1800-11-2356 అని ఒక నంబర్ ఉంటుంది. అది కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత క్విట్‌లైన్. ఫోన్ చేస్తే మానే తేదీ పెట్టించి, మధ్యలో వాళ్లే మళ్లీ చేసి కనుక్కుంటారు. మానిన మొదటి రెండు మూడు రోజులు చాలా కష్టంగా ఉంటాయి, రెండు నుంచి నాలుగు వారాల్లో చిరాకు, నిద్రలేమి చాలావరకు తగ్గుతాయి. వీలైతే ఆ తేదీని డే షిఫ్ట్ వారంలో పెట్టుకోమనండి. మధ్యలో ఒకటి కాల్చేస్తే ‘అయిపోయింది, ఇక నీ వల్ల కాదు’ అనకండి. మర్నాడు మళ్లీ మొదలుపెట్టమనండి. సిగరెట్, గమ్ రెండూ వదిలేశాక కూడా చేతికి ఏదో ఒకటి కావాలనిపిస్తే లవంగమో సోంపో జేబులో ఉంచుకోమనండి. ఆ పనికి వేప్ అక్కర్లేదు.

మీ మరిది సంగతి సూటిగా చెబుతాను. అతనికి ఇది ఏ విధంగానూ అవసరం లేదు. మాన్పించడానికి అతనికి సిగరెట్ అలవాటే లేదు, కాబట్టి ‘సిగరెట్ కంటే నయం’ అన్న లెక్క అతనికి వర్తించదు. అతను పోల్చుకోవలసింది మామూలు గాలితో. వేప్ విషయంలో ఉదారంగా ఉండే బ్రిటన్‌లో కూడా ప్రభుత్వ వైద్య సేవల వాళ్లు సిగరెట్ అలవాటు లేనివాళ్లను దాని జోలికి పోవద్దనే చెబుతారు. 19 ఏళ్లకు మెదడు ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. ఆ డబ్బాలో రాసినట్టు కాకుండా నికోటిన్ ఉంటే, మామిడిపండు వాసన కోసం మొదలైంది నెల తిరిగేసరికి లేకపోతే ఉండలేని స్థితికి రావచ్చు. క్లాసులో కూర్చుని గంట గడవగానే చెయ్యి దానికోసం వెతుకుతోందా, పొద్దున్న లేవగానే అదే కావాలనిపిస్తోందా అని నెమ్మదిగా అడగండి. అవునంటే అది ఫ్లేవర్ మీద ఇష్టం కాదు. వదినగా మీరు చెబితే వినకపోవచ్చు. అన్నయ్య చెప్పాలి. అన్నయ్య తనది పక్కన పెట్టాకే తమ్ముడికి చెప్పగలరు. ఈ రెండూ ముడిపడి ఉన్నాయని మీ ఆయనకు గుర్తు చేయండి. తమ్ముడి కోసం చాలామంది మగవాళ్లు తమ కోసం చేయనిది చేస్తారు.

పాప ఉన్న ఇంట్లో వేప్ లాగకూడదు, వరండాలోనైనా సరే. ఆ ద్రవం సీసా గానీ, పరికరం గానీ మంచం మీద, టీవీ స్టాండ్ మీద ఉండకూడదు. తియ్యటి వాసనకు పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. నికోటిన్ ఉంటే కొద్దిపాటి ద్రవమే రెండేళ్ల బిడ్డకు ప్రాణాంతకం కావచ్చు. లేదని రాసి ఉన్నా ఉన్నట్టే జాగ్రత్త పడండి. మింగిందన్న అనుమానం వస్తే వాంతి చేయించకండి. సీసాతో సహా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

చివరగా మీ అత్తగారు. మీరు ఆవిడ గురించి ఒక్క ముక్కే రాశారు, అది కూడా కొడుకుల్ని వెనకేసుకొస్తున్నారని. నాకు మాత్రం ఉత్తరమంతట్లో ఎక్కువ భయం వేసింది అక్కడే. మీ ఇంట్లో ఇప్పుడు అందరికంటే ప్రమాదానికి దగ్గరగా ఉన్నది ఆవిడ. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకునే అడ్డపొగ మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో ఆడవాళ్లకు తరాల నాటి అలవాటు. వేడీ పొగా రెండూ నేరుగా అంగిలికి తగులుతాయి. ప్రపంచంలో అంగిలి కేన్సర్ గురించి చదువుకునే వైద్యులందరికీ మన ప్రాంతం తెలుసు. 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ కేన్సర్‌లో వచ్చిన అధ్యయనం కోసం మన పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించారు. ‘నాకేటయింది’ అని ఆవిడ అంటున్నారు. ఏమయిందో ఆవిడకు తెలియదు, ఎందుకంటే అంగిలి అద్దంలో కనబడదు. మొదట్లో నొప్పి కూడా ఉండదు.

ఒక పగటి పూట ఆవిడను గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి, తల వెనక్కి వాల్చమని, సెల్‌ఫోన్ టార్చ్‌తో పై అంగిలి చూడండి. కట్టుడు పళ్లు ఉంటే ముందు తీయించండి. తెల్లగా మందంగా మారిన చోటు, మధ్యలో ఎర్ర చుక్కలు, ఎర్రగా పచ్చిగా ఉన్న మచ్చ, మానని పుండు, గడ్డలా లేచిన కండ – వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకండి. ఏమీ కనిపించకపోయినా చూపించాల్సిందే. 30 దాటిన వారికి నోటి కేన్సర్ పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. మీ ఊరి ఆశా కార్యకర్తనో ఏఎన్ఎంనో అడగండి, ఆరోగ్య కేంద్రంలో చూస్తారు. అనుమానం ఉంటే శ్రీకాకుళంలోని ప్రభుత్వ సర్వజన ఆస్పత్రికి పంపుతారు. ముక్క పరీక్షలో కేన్సర్ అని తేలినా విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి ఉంది. కార్డు ఉంటే రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద చికిత్స జరుగుతుంది. ముందే కనిపెడితే నయమయ్యే జబ్బు.

ఈ వయసులో ఏం మానతాను అని ఆవిడ అనవచ్చు. శ్రీకాకుళంతో పాటు కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవారికి ఇంటింటికీ వెళ్లి చెప్పి చూసిన ఒక పెద్ద అధ్యయనం 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. చెప్పగా విని మానినవాళ్లు, తగ్గించినవాళ్లు చాలామంది తేలారు. కేన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు కూడా వాళ్లలో తగ్గాయి. వాళ్లలో మన ఊళ్ల ఆడవాళ్లూ ఉన్నారు. ఈ మాట ఆవిడకు చదివి వినిపించండి. మీ ఆయన డాక్టర్ దగ్గరకు గమ్ కోసం వెళ్లే రోజునే ఆవిడనూ వెంటబెట్టుకుని వెళ్లమనండి. కొడుకు తోడుంటే ఆవిడ కాదనరు.